స్టేషన్‌లో కొట్టారని ఊరు కదిలితే: మొదటి మూడు రోజుల్లో ఏం చెయ్యాలి, ఎక్కడ చెడుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా: నెల్లూరు జిల్లాలో ఒక మండల కేంద్రం. సెల్‌ఫోన్ దొంగతనం అనుమానంతో మీ ఊరి కుర్రాణ్ణి ఆదివారం సాయంత్రం స్టేషన్‌కు తీసుకెళ్లారు. రెండు రాత్రులు ఉంచి, కొట్టి, మంగళవారం రాత్రి వదిలారు. కేసు లేదు, కాగితం లేదు. ఊళ్లో కొందరు స్టేషన్ ముట్టడిద్దామంటున్నారు, కొందరు హైవే మీద కూర్చుందామంటున్నారు. ఏది మంచిది?

ఈ పూట రెండూ వద్దు. ముందు కుర్రాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. నిరసన ఎల్లుండి చేసినా పనికొస్తుంది. ఒంటి మీద దెబ్బ మాత్రం ఎల్లుండికి రంగు మారుతుంది.

మీ కేసులో అసలు చిక్కు ఒకటుంది. అరెస్టు చూపించలేదు కాబట్టి రికార్డు ప్రకారం ఆ అబ్బాయి స్టేషన్ గడపే తొక్కలేదు. "మేం పిలవలేదు, రాలేదు" అని రేపు ఒక్క మాట అంటే చాలు. కాబట్టి మీరు నిరూపించాల్సినవి మూడు: లోపలికి వెళ్లేటప్పుడు బాగున్నాడు, ఆ రెండు రాత్రులూ లోపలే ఉన్నాడు, బయటికొచ్చేటప్పటికి గాయాలున్నాయి. ఊరంతా ఎన్ని నినాదాలు చేసినా ఈ మూడింట్లో ఒకటి కూడా రుజువు కాదు. కస్టడీలో ఉన్న మనిషికి గాయమైతే ఆ కస్టడీలోని పోలీసులే చేశారని కోర్టు భావించవచ్చని చట్టంలో చేర్చమని లా కమిషన్ 1985లోనే తన 113వ నివేదికలో సిఫారసు చేసింది. 2023లో సాక్ష్య చట్టాన్ని మొత్తం తిరగరాసినప్పుడు కూడా అది రాలేదు. అందుకే బరువంతా మీ మీదే.

ఆసుపత్రి

ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు వెళ్లకండి. పోలీసు వ్యవహారం అనగానే చాలామంది కట్టుకట్టి, మాత్రలిచ్చి, చీటీలో "నొప్పులు" అని రాసి పంపేస్తారు. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. ప్రకాశం వైపు వాళ్లయితే ఒంగోలు రిమ్స్. పోలీసు లెటరు తెమ్మంటే, అది లేకపోయినా చూడాలని, మెడికో లీగల్ కేసుగా (ఎంఎల్‌సీ, పోలీసు కేసుకు పనికొచ్చే గాయాల నమోదు) రాయాలని మర్యాదగానే పట్టుబట్టండి. ఎంఎల్‌సీ నంబరు రాసుకోండి, ఓపీ చీటీ ఫొటో తీసుకోండి. ఆసుపత్రి ఔట్‌పోస్టు నుంచి మీ స్టేషన్‌కు కబురు వెళ్తుంది, గంటలో ఫోన్లు మొదలవుతాయి. దానికి సిద్ధపడే వెళ్లండి.

అన్నిటికన్నా ఎక్కువ కేసులు చెడేది ఇక్కడే: డాక్టరు "ఏమైంది" అని అడుగుతాడు, కుర్రాడు భయపడి "బండి మీంచి పడ్డాను" అంటాడు. ఆ ఒక్క ముక్క చీటీలో పడితే తర్వాత ఎంత పెద్ద వకీలు వచ్చినా తుడవలేడు. అతను నాలుగు సంగతులు చెప్పాలి: ఎవరు, దేంతో, ఎప్పుడు, ఎక్కడ. పేర్లు తెలియకపోతే "యూనిఫాంలో ఇద్దరు, మఫ్టీలో ఒకరు" అన్నా సరే. తెలియని పేరు ఊహించి చెప్పొద్దు. ఆ రోజు సెలవులో ఉన్న కానిస్టేబుల్ పేరు చెబితే అదే వాళ్లకు ఆయుధం.

అరికాళ్ల మీద కొట్టి ఉంటే పైకి పెద్దగా కనపడదు. నడిపించి చూడమని, ఎక్స్‌రే తీయమని డాక్టర్ని అడగండి. తొడలు, పిరుదుల మీద బాగా కొట్టిన మనిషికి మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంటే ఆలస్యం చేయొద్దు. కండరాలు చితికి కిడ్నీ మీద పడుతోందని దానర్థం. క్రియాటినిన్, సీపీకే రక్త పరీక్షలు వెంటనే చేయించాలి. ఇది ముందు ప్రాణం సంగతి, కేసుకు రుజువు ఆ తర్వాత.

ఫొటోలు పగటి వెలుతురులో తీయండి. ముందు మొహంతో సహా నిండు మనిషి, తర్వాత గాయం దగ్గర్నుంచి, పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ల గానీ పెట్టి. కమిలిన దెబ్బ మొదట ఎరుపు, తర్వాత నీలం, నలుపు. అయిదారు రోజులకు ఆకుపచ్చగా మారుతుంది, వారం దాటాక పసుపై రెండు వారాల్లో మాయమవుతుంది. అందుకని అదే చోటును మొదటి రోజు, మూడో రోజు, అయిదో రోజు, ఏడో రోజు తీయాలి. ఆ వరుసను బట్టి దెబ్బ ఏ రోజు తగిలిందో డాక్టరు సుమారుగా చెప్పగలడు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత పోతుంది, ఫైలు వివరాలూ పోతాయి. తీసిన ఫోన్లో అసలు ఫైలు చెరపకుండా ఉంచండి, కాపీని పెన్‌డ్రైవ్‌లో వేయండి. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద కోర్టులో సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి అంకె) కూడా అడుగుతారు. ఆ సర్టిఫికెట్‌లో మొదటి భాగం ఇవ్వాల్సింది ఎవరి ఫోనుతో తీశారో వాళ్లు, రెండో భాగం నిపుణుడు. కాబట్టి రేపు కోర్టుకు రాగలిగిన మనిషి ఫోనుతోనే తీయండి.

2020 జూలైలో చీరాలలో మాస్కు విషయంలో ఆపిన యువకుడు తలకు గాయమై చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులు, కొట్టారని కుటుంబం. ఒకే గాయానికి రెండు కథలు. అలాంటప్పుడు మొదట చూసిన డాక్టరు రాతకు ఉన్న విలువ ఇంకే సాక్ష్యానికీ ఉండదు.

లోపల ఉన్నాడని ఎలా చూపాలి

స్టేషన్ కెమెరాల సంగతి అందరికీ తెలిసిందే, అడగ్గానే "పనిచేయడం లేదు" అంటారు. అయినా అడగాలి, అదీ రాతపూర్వకంగా. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది సహా అంతటా కెమెరాలు ఉండాలంది. రాత్రి కూడా కనపడాలి, మాట కూడా వినపడాలి, రికార్డింగు 18 నెలలు ఉండాలి, తప్పనిసరైతే ఏడాదికి తగ్గకూడదు. కెమెరా పాడైతే, కెమెరాలను పర్యవేక్షించే జిల్లా కమిటీకి చెప్పాల్సిన బాధ్యత స్టేషన్ అధికారిదే. ఇప్పుడు మీ దరఖాస్తులో "ఆదివారం సాయంత్రం 5 నుంచి మంగళవారం రాత్రి 11 వరకు, గేటు, వరండా, రైటర్ గది, లాకప్ ఎదుటి కెమెరాల ఫుటేజీ భద్రపరచండి" అని తేదీలు, గంటలు, చోట్లు వేసి ఎస్పీకి పంపండి. సరిగ్గా ఆ రెండు రోజులే పనిచేయలేదని జవాబొస్తే, అది చెడిందని జిల్లా కమిటీకి ఎప్పుడు రాశారో చూపమని అడగొచ్చు. చాలా కేసుల్లో ఫుటేజీ కన్నా ఈ అబద్ధమే ఎక్కువ పనికొచ్చింది. ఆర్టీఐ కూడా వేయండి, రుసుము 10 రూపాయలు. వ్యక్తి ప్రాణం, స్వేచ్ఛలకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలన్న నిబంధనను అర్జీలోనే ఎత్తి చూపండి.

దానికన్నా తొందరగా పట్టాల్సింది స్టేషన్ ఎదురుగా ఉన్న దుకాణాల కెమెరాలు. వాటి డీవీఆర్‌లో (రికార్డు చేసే పెట్టెలో) పాత రికార్డింగు తనంతట తానే చెరిగిపోతుంది, కొన్నిట్లో వారానికి, కొన్నిట్లో నెలకు. మెడికల్ షాపు, టీ బంకు, ఏటీఎం, పెట్రోలు బంకు అన్నీ చూడండి. దుకాణదారు భయపడతాడు, అది సహజం. కాపీ ఇవ్వకపోయినా చెరపకుండా ఉంచమని అడగండి, ఏ కెమెరా, ఏ టైమో రాసుకోండి. వకీలు తర్వాత కోర్టు ద్వారా తెప్పిస్తాడు.

మనుషులు సాక్షులుగా ఉన్నారు కదా. రెండు రోజులు అన్నం క్యారియరు ఎవరు తీసుకెళ్లారు? ఏ సెంట్రీ చేతికిచ్చారు? ఏ హోటల్లో ఇడ్లీ కట్టించారు? "మావాణ్ణి వదలండి సార్" అని ఎవరు ఎవరికి ఫోన్ చేశారు? స్టేషన్ ల్యాండ్‌లైనుకు గానీ, ఎస్సై నంబరుకు గానీ వెళ్లిన కాల్స్ మీ ఫోన్లోనే ఉంటాయి, స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసి పెట్టుకోండి. ఇవన్నీ ఈరోజే ఒక కాగితం మీద టైములతో సహా ఎవరికి వాళ్లు విడివిడిగా రాసుకోవాలి. పదిమంది కూర్చుని ఒకే మాట రాసుకుంటే కోర్టులో అవతలి వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది తేలిపోతుంది.

అర్జీ ఎక్కడికి, ఏ వరసలో

అదే స్టేషన్లో అదే ఎస్సై మీద ఫిర్యాదు ఇవ్వమనడం పులి నోట్లో తల పెట్టమన్నట్టే అనిపిస్తుంది. అయినా చట్టం ఆ వరసనే అడుగుతుంది. స్టేషన్‌కు స్పీడ్‌పోస్టులో పంపండి, అందినట్టు రుజువు తీసుకోండి. తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173 సబ్‌సెక్షన్ 4 కింద ఎస్పీకి పంపాలి. ఎస్పీ కదలకపోతే అఫిడవిట్ జోడించి మేజిస్ట్రేట్ దగ్గరికి, సెక్షన్ 175 కింద. ఈ మెట్లు ఎక్కకుండా నేరుగా కోర్టుకు వెళ్తే పిటిషన్ అక్కడే నిలిచిపోతుంది. ఎస్పీ ఆఫీసులో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. అక్కడ చేతికిస్తే రశీదు నంబరు ఇస్తారు, అది ఉంచుకోండి. అయితే ఆ రశీదొక్కటే చాలనుకోవద్దు, పోస్టు విడిగా పంపాల్సిందే.

కొత్త చట్టంలో ఒక మెలిక ఉంది. విధి నిర్వహణలో చేసిన పనిమీద ఫిర్యాదైతే మేజిస్ట్రేట్ ముందు పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి వాదన చూశాకే దర్యాప్తుకు పంపాలి. అంటే అవతలి వాళ్లకు తమ కథ సర్దుకునే సమయం దొరుకుతుంది. అందుకే మీ మొదటి అర్జీలో ఉన్నదే చివరిదాకా ఉండాలి. మొదట "చేత్తో కొట్టారు" అని, తర్వాత "లాఠీతో" అని, ఆ తర్వాత "రోకలి ఎక్కించారు" అని పెంచుకుంటూ పోతే నిజమైనది కూడా అబద్ధంగా కనపడుతుంది.

అర్జీలో సెక్షన్లు రాయకపోయినా ఫరవాలేదు, సంగతులు రాయండి. రాస్తే ఇవి: నేరం ఒప్పించడానికి గాయపరచడం బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 120, అక్రమ నిర్బంధం 127, దర్యాప్తుకు చట్టం పెట్టిన పద్ధతిని తెలిసి తెలిసి మీరడం వంటి వాటికి 199. మీ అబ్బాయి ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయితే ముందే రాయండి, కుల ధ్రువపత్రం జత చేయండి. అట్రాసిటీ చట్టం కింద దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చేయాలి, అంటే ఆ స్టేషన్ చేతుల్లోంచి బయటికొస్తుంది. నెల్లూరు జిల్లాలో ఫోను పోయినా, మోటారు పోయినా ముందు యానాదుల (గిరిజనుల) కాలనీ వైపు చూసే అలవాటు కొత్తది కాదు. కావలి దగ్గర కప్పరాళ్లతిప్పలో మరో గిరిజన తెగ ఎరుకల కుటుంబాలను నిఘా సెటిల్‌మెంటులో పెట్టిన కాలం నాటిది. కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన నేరస్థ జాతుల చట్టం 1952లో పోయింది, చూపు పూర్తిగా పోలేదు.

వకీలుకు డబ్బు లేదని ఆగకండి. 15100కు ఫోన్ చేయండి, లేదా నెల్లూరు, ఒంగోలు కోర్టు ఆవరణల్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీల్ని ఇస్తారు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు కూడా రాయండి. జాతీయ కమిషన్‌కు తెలుగులోనే రాయొచ్చు, రుసుము లేదు, ఘటన జరిగిన ఏడాదిలోగా పంపాలి. కమిషన్ సిఫారసు మాత్రమే చేస్తుంది, శిక్ష వేయదు. కానీ కమిషన్ నివేదిక అడిగితే జిల్లాలో ఫైలు కదులుతుంది.

ఇంకెవరినైనా ఇప్పటికీ లోపల ఉంచి ఉంటే పద్ధతి వేరు. 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహా, మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పెట్టకపోతే వకీలు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 100 కింద సెర్చ్ వారంటు అడగొచ్చు. మన రాష్ట్రంలో మేజిస్ట్రేట్లు అడ్వకేట్ కమిషనర్‌ను నేరుగా స్టేషన్‌కు పంపిన సందర్భాలున్నాయి. హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్) దీనికన్నా బలమైనది, కాకపోతే అమరావతి దాకా వెళ్లాలి. అరెస్టు చూపి రిమాండుకు తెస్తే మేజిస్ట్రేట్ "కొట్టారా" అని అడుగుతారు. అప్పుడు పక్కన పోలీసులున్నా సరే చొక్కా ఎత్తి చూపించాలి. జైల్లో చేర్చుకునేటప్పుడు కూడా ఒంటి మీది గాయాలు రాస్తారు, అక్కడ దాచొద్దు.

ఇక నిరసన సంగతి

జనం కోపం తప్పని నేననను. జనం అడగని చోట ఏ అర్జీ కదలదు. కానీ ఎక్కడ అడగాలన్నదే ప్రశ్న. అయిదుగురు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే, ఉద్దేశం చట్టవిరుద్ధమని చూపగలిగితే, అది బీఎన్‌ఎస్ 189 కింద చట్టవిరుద్ధ సమూహం. 190 ప్రకారం ఒకడు రాయి వేస్తే అదే ఉద్దేశంతో ఉన్న గుంపులో ప్రతివాడూ బాధ్యుడే. 16వ నంబరు జాతీయ రహదారి మీద కూర్చుంటే ఇంకొన్ని సెక్షన్లు, జీపు అద్దం పగిలితే 1984 ప్రభుత్వ ఆస్తుల చట్టం, కానిస్టేబుల్‌కు గీరుకున్నా 121, 132. ఎఫ్ఐఆర్లో పదిమంది పేర్లు రాసి "మరియు మరికొందరు" అంటారు. ఆ "మరికొందరు" అన్న ఖాళీలో మీ సాక్షులు ఒక్కొక్కరుగా చేరుతారు: క్యారియరు తెచ్చిన బాబాయి, ఫుటేజీ దాచిన టీకొట్టు అతను. తర్వాత తహసీల్దారు దగ్గర బైండోవర్లు, అంటే గొడవ చేయబోమని పూచీకత్తు రాయించుకోవడం. ఊళ్లో కానిస్టేబుల్ పరీక్ష రాసిన వాళ్లు, గల్ఫ్‌కు పాస్‌పోర్టు పెట్టుకున్న వాళ్లు వెరిఫికేషన్లో ఇరుక్కుంటారు. మీ కేసు పోయి, మీ మీద కేసు మిగులుతుంది. నెల తిరిగేసరికి రెండు కేసులూ కలిపి రాజీ అంటారు, ఊరు ఒప్పుకుంటుంది.

1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట స్టేషన్లో ఒక మహిళ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్తను కొట్టి చంపారు. నగరం తగలబడింది, కాల్పులు, కర్ఫ్యూ, రాష్ట్రమంతా ఆందోళన. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. విచారణ కర్ణాటకలోని రాయచూరుకు వెళ్లింది, నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. జనం ఒత్తిడితో కమిషన్ వేయించుకోవచ్చు. కమిషన్ నివేదిక సెషన్స్ కోర్టులో రుజువు కాదు, అక్కడ సాక్ష్యం మళ్లీ మొదట్నుంచి నిలబడాలి.

మరి జనం ఏం చెయ్యాలంటే, మన జిల్లాలోనే చూడండి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు ఎక్కడ పడితే అక్కడ బస్సులు ఆపుతూ పోలేదు. ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం జిల్లా అంతా పాకాక నెల్లూరులో సారా వేలం పాటకే అడ్డు నిలిచారు, పాట మళ్లీ మళ్లీ వాయిదా పడింది. సర్కారుకు నొప్పి తెలిసే చోటు అది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మీ విషయంలో నొప్పి తెలిసే చోటు హైవే కాదు, రికార్డు. ఎఫ్ఐఆర్ కట్టారా, ఫుటేజీ భద్రపరిచారా, దర్యాప్తు వేరే సబ్‌డివిజన్ అధికారికి ఇచ్చారా, ఈ మూడే అడగండి. సోమవారం ఎస్పీ ఆఫీసుకు వందమంది వెళ్లండి, కానీ వంద అర్జీలు పట్టుకుని. ఒకే విషయం మీద వంద రశీదు నంబర్లు పడితే ఏ గుమస్తా దాన్ని పక్కన పెట్టలేడు.

కూర్చోవాలనే అనుకుంటే డీఎస్పీకి ముందురోజే రాతపూర్వకంగా ఇవ్వండి: చోటు, టైము, ఎంతమంది, బాధ్యులెవరు, మైకు ఉందా లేదా. సెక్షన్ 30 అమల్లో ఉందని అంటారు, అంటే పోలీసు చట్టం కింద సభలు, ఊరేగింపులకు అనుమతి కావాలని. 2022 డిసెంబరు 28న కందుకూరు రోడ్‌షోలో తొక్కిసలాటకు 8 మంది పోయాక ప్రభుత్వం రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరి 2న జీవో 1 తెచ్చింది. హైకోర్టు మే నెలలో దాన్ని కొట్టేసింది. నియంత్రించడం వేరు, అసలు వద్దనడం వేరు. అనుమతి నిరాకరిస్తే కారణం రాసి ఇమ్మనండి, ఆ కాగితం పట్టుకుని హైకోర్టుకు వెళ్లొచ్చు. కందుకూరు ఇంకో సంగతి కూడా నేర్పింది: ఇరుకు వీధిలో జనాన్ని కూర్చోబెట్టకండి, పక్కన కాలవ ఉన్న చోట అసలే వద్దు.

కూర్చున్న చోట ఇద్దరు మొదట్నుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీస్తూ ఉండాలి, ఒకరు ముందు నుంచి, ఒకరు మిద్దె మీంచి. రాయి వేసిందెవరో తెలిసేది దాంతోనే. మందు తాగి వచ్చిన వాణ్ణి మొదటే ఇంటికి పంపండి. పార్టీ జెండా రానివ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. వస్తే రెండో రోజు నుంచి పేపర్లో అబ్బాయి పేరు తగ్గి నాయకుడి పేరు పెరుగుతుంది. అవతలి పార్టీ వాళ్లు సాక్ష్యానికి రారు. అసలు సాక్షులు ముగ్గురు నలుగురిని మాత్రం ధర్నాకు తీసుకురాకండి, వాళ్లు ఆ రోజు ఇంట్లోనే ఉండాలి.

ఒకవేళ మనిషి కస్టడీలో చనిపోయిన కేసు అయితే, శవాన్ని రోడ్డు మీద పెట్టకండి. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 196 కింద మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. పోస్టుమార్టం వీడియో తీయమని ముందే రాసివ్వండి. ఆనవాయితీ దహనమైనా సరే పూడ్చండి. రెండోసారి పోస్టుమార్టం కావాలని కోర్టు అంటే బూడిదలో ఏమీ దొరకదు.

రాజీ కబురు తప్పకుండా వస్తుంది, బహుశా రేపో ఎల్లుండో, మీ ఊరి పెద్దమనిషి నోటి నుంచే. వైద్యం ఖర్చు ఇస్తామంటారు, ఫోను దొంగతనంలో కేసు పెట్టబోమంటారు. ఒప్పుకోవాలా వద్దా అనేది ఆ కుటుంబం నిర్ణయం, ఊరిది కాదు. కూలికి పోకపోతే పూట గడవని ఇంటిని "పోరాడండి" అని నెట్టే హక్కు మనకు లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: తెల్ల కాగితం మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ పెట్టొద్దు. "నన్ను ఎవరూ కొట్టలేదు, నా ఇష్టప్రకారం రాసిస్తున్నాను" అన్న వాక్యం ఆ కాగితంలో పైన చేరుతుంది. వైద్యం ఖర్చు తీసుకున్నా ఆ వాక్యం కింద సంతకం పెట్టాల్సిన పనిలేదు.

ఆసుపత్రి నుంచి ఎంఎల్‌సీ నంబరు వచ్చాక ఇక్కడ చెప్పండి, పేర్లు లేకుండా. ఎస్పీకి పంపే అర్జీ నమూనా పెడతాను.